స్టోక్ డాబర్నన్ తండ్రీకొడుకులు: కవచాన్ని బట్టి సమాధి ప్రతిమల కాలం కట్టడంలో ఒక కేస్ స్టడీ

ఇంగ్లండ్‌లోని సర్రీ కౌంటీలో స్టోక్ డాబర్నన్ అనే ఊరుంది. అక్కడి సెయింట్ మేరీ చర్చిలో, బలిపీఠం వైపు నేలలో, సమాధుల మీద పరిచిన రెండు ఇత్తడి ఫలకాలు పక్కపక్కనే ఉన్నాయి. రెండూ నైట్‌లవే (కవచం తొడిగే గుర్రపు యోధులవే), రెండిటి మీదా సర్ జాన్ డాబర్నన్ అనే పేరే. పాత చేతిపుస్తకాల్లో పెద్దది 1277 నాటిదనీ, అది తండ్రిదనీ ఉంటుంది. చిన్నది 1327 నాటిదనీ, కొడుకుదనీ ఉంటుంది. ఈ లెక్క వందేళ్లకు పైగా నడిచింది. పెద్ద ఫలకం ఇంగ్లండ్‌లో మిగిలిన ఇత్తడి ప్రతిమల్లో అన్నిటికన్నా పాతదని చెప్పుకున్నారు. ఇప్పటి లెక్కలో పెద్దది 1327 ప్రాంతానిది, చిన్నది 1340ల ప్రాంతానిది. రెండిటి మధ్య యాభై ఏళ్ల ఎడం పదిహేను ఏళ్లకు తగ్గింది. కవచం చూసి తేదీ చెప్పే పద్ధతి ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ కాలు జారుతుందో తెలియడానికి ఇంతకన్నా మంచి కేసు దొరకదు.

ముందు పెద్ద ఫలకం మీద ఏముందో చూద్దాం. మనిషి బొమ్మ పొడవు సుమారు ఆరున్నర అడుగులు. తల నుంచి అరికాలి దాకా గొలుసు కవచమే: తలకు గొలుసు ముసుగు, ఒంటికి గొలుసు అంగీ, కాళ్లకు గొలుసు మేజోళ్లు. చెక్కినవాడు ఒక్కో ఉంగరాన్నీ విడిగా గీశాడు. చాలా ఫలకాల్లో గొలుసును అడ్డగీతలతో, అర్ధచంద్రాలతో సూచించి వదిలేస్తారు, ఇక్కడ అలా చేయలేదు. గొలుసు కానిది ఒక్కటే, మోకాళ్ల మీది నగిషీ చిప్పలు. కవచం పైన మోకాళ్లు దాటి వేలాడే సర్కోట్ అనే వదులైన గుడ్డ అంగీ, నడుముకు తాడు, ఏటవాలు పట్టాకు కత్తి. మడమలకు ఒంటి ముల్లు స్పర్లు, అంటే గుర్రాన్ని అదిలించే ముళ్లు. కుడి పక్కన చిన్న జెండా కట్టిన బల్లెం ఉంది. దాని మొదలును పాదాల కింది సింహం నోట కరచుకుని ఉంది. డాలు మీద నీలం ఎనామెల్ ఇప్పటికీ కొంత మిగిలింది. నీలం నేల మీద బంగారు షెవ్రాన్ (ఇంటి కప్పులా వంగిన పట్టీ), ఇది డాబర్నన్‌ల చిహ్నం. చుట్టూ రాతి అంచున ఫ్రెంచి శాసనం ఉంది. ‘సర్ జాన్ డాబర్నన్, నైట్, ఇక్కడ పడుకుని ఉన్నాడు, దేవుడు అతని ఆత్మను కరుణించుగాక’ అని దాని భావం. అందులో తేదీ లేదు.

మొత్తం చిక్కు ఈ తేదీ లేకపోవడంలోనే ఉంది. డాబర్నన్ కుటుంబంలో వరుసగా మూడు తరాలు జాన్‌లే. మొదటి జాన్ 1277లో, రెండో జాన్ 1327లో పోయారు. తర్వాత మూడో జాన్. పాత పరిశోధకులు ఒళ్లంతా గొలుసే ఉంది కదా అని ఇది 13వ శతాబ్దం అనుకున్నారు, ఆ శతాబ్దంలో పోయిన జాన్ ఎవరా అని చూశారు, 1277 దొరికింది. పక్కనున్న రెండో ఫలకంలో కవచం కొత్త తరహాది కాబట్టి దాన్ని కొడుక్కి ఇచ్చేశారు. ఆపైన జరిగింది అసలు నష్టం. పెద్ద ఫలకానికి తేదీ తెలుసన్న ధైర్యంతో దాన్నే కొలబద్దగా పెట్టుకుని, తేదీ లేని రాతి ప్రతిమలను దానితో పోల్చి 1270లు, 1280లు అని రాసుకుంటూ పోయారు. కవచాన్ని బట్టి ఫలకానికి తేదీ, ఆ ఫలకాన్ని బట్టి కవచానికి తేదీ. శాసనం లేని వీరగల్లును కత్తి ఆకారం చూసి ఒక శతాబ్దంలో పెట్టి, ఆ కత్తిని ఆ శతాబ్దపు కత్తి అనడం లాంటిదే ఇదీ.

ఒక్క డాబర్నన్ మాత్రమే కాదు. కేంబ్రిడ్జ్ దగ్గర ట్రంపింగ్టన్‌లోని సర్ రోజర్ ఫలకానికి 1289 అని, సఫోక్‌లోని యాక్టన్‌లో సర్ రాబర్ట్ డి బ్యూర్స్ ఫలకానికి 1302 అని ఉండేది. ఇప్పుడు మొదటిది 1326 ప్రాంతానికి, రెండోది 1331 ప్రాంతానికి వచ్చాయి. మూడూ ఒకే దిక్కుకు, సుమారు ముప్పై నుంచి యాభై ఏళ్లు జరిగాయి. ఒక తప్పు మీద ఇంకొకటి కట్టారనడానికి ఇది గుర్తు.

ఈ ముడి విప్పింది కవచం తెలిసినవాళ్లు కాదు, అక్షరాలు చూసినవాళ్లు. ఆ కాలపు శాసనాల్లో ఒక్కో అక్షరాన్నీ విడిగా ఇత్తడితో చేసి రాతిలో గుంట తవ్వి బిగించేవారు. లండన్ పనివాళ్లకు ఈ అక్షరాలు కొన్ని స్థిరమైన సైజుల్లో, ఆకారాల్లో ఉండేవి. ఇత్తడి ఊడిపోయినా గుంట మిగులుతుంది. తేదీ గట్టిగా తెలిసిన పాదరీల, బిషప్‌ల రాళ్లలోని గుంటలతో పోల్చి చూస్తే ఏ అక్షరాల సెట్టు ఏ ఏళ్లలో వాడారో తేలుతుంది. పాదరీ ఒంటి మీద కవచం ఉండదు, కాబట్టి ఈ సాక్ష్యానికి కవచం లెక్కతో సంబంధం లేదు. 1980లలో ఇంగ్లండ్ తొలి ఫలకాల మీద ఈ దారిలో జరిగిన పని 1987లో పుస్తకంగా వచ్చింది. 13వ శతాబ్దానివి అనుకున్న నైట్ ఫలకాలను 14వ శతాబ్దంలోకి దించింది ఆ పనే.

ఇక చిన్న ఫలకం. దీని మీద కవచం పద్ధతి బాగానే పనిచేస్తుంది, అందుకే వరుసగా చేసి చూపిస్తాను. పేరు చూడకుండా మొదలుపెట్టాలి. శాసనాన్నీ డాలునూ కాగితంతో కప్పేసి తల నుంచి కిందికి దిగుతూ రాసుకోవాలి. తల మీద కోసుగా లేచిన బాసినెట్ అనే శిరస్త్రాణం, దాని అంచు నుంచి భుజాల మీదికి దిగిన గొలుసు తెర, అంటే అవెంటెయిల్. ఇంగ్లండ్ ప్రతిమల్లో ఈ జోడు సుమారు 1330ల నుంచి 1420 దాకా కనిపిస్తుంది. ఇది చాలా వెడల్పైన కాలపు కిటికీ, దీనితో పని జరగదు. చేతులకు గొలుసు మీద బిగించిన రేకులు, భుజం దగ్గరా మోచేయి దగ్గరా గుండ్రటి బిళ్లలు ఉన్నాయి. ఇవి 1320ల నుంచి 1350 దాకా వస్తాయి, ఆ తర్వాత చేతిని పూర్తిగా చుట్టే రేకు గొట్టాలు వస్తాయి. ఒంటి మీద సైక్లాస్ ఉంది. అది సర్కోటే, కానీ ముందు భాగం తొడల పైకి కత్తిరించి, వెనక పొడవుగా వదిలి, పక్కన తాడుతో బిగించింది. అన్నిటికన్నా ఇరుకైన కిటికీ దీనిదే, సుమారు 1325 నుంచి 1350 లోపు. పైగా ముందు పొట్టిగా ఉండటంతో లోపలి పొరల అంచులన్నీ మెట్లు మెట్లుగా బయటపడతాయి: మెత్తటి కుట్టంగీ అంచు, దాని కింద గొలుసు అంగీ అంచు, అడుగున లోపలి దూది అంగీ అంచు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో 1336లో పోయిన జాన్ ఆఫ్ ఎల్తమ్ అలబాస్టర్ (పాలరాయిలా కనిపించే మెత్తటి రాయి) ప్రతిమలో కూడా ఈ పొరలు కనిపిస్తాయి. రాచబిడ్డ ప్రతిమ కాబట్టి తేదీ నమ్మదగ్గది, పోలికకు దాన్నే వాడాలి.

అన్ని కిటికీలూ ఒకదాని మీద ఒకటి పెడితే మిగిలేది 1330 నుంచి 1350 మధ్య ముక్క. ఇప్పుడు కాగితం తీసి పేరు చూడాలి. 1327లో పోయిన జాన్ ఈ ముక్కకు ముందే పడతాడు, మూడో జాన్ సరిగ్గా లోపల పడతాడు. పాత లెక్క పేరుతో మొదలుపెట్టింది కాబట్టి ఈ చిన్న తేడా దానికి కనబడలేదు.

ఈ పనిలో లేని వస్తువు కూడా సాక్ష్యమే, కానీ దానికి సగం మార్కులే ఇవ్వాలి. భుజాల మీద నిలబెట్టే చదరపు పలకలు, ఐలెట్లు, 1270ల నుంచి 1340ల దాకా కనిపిస్తాయి. ట్రంపింగ్టన్ ఫలకంలో ఉన్నాయి, డాబర్నన్ పెద్ద ఫలకంలో లేవు. లేవు కాబట్టి 1270కి ముందని అనడానికి లేదు. ఐలెట్లు తొడగని నైట్‌లు ఎప్పుడూ ఉన్నారు. కొత్త వస్తువు ఉంటే ‘ఈ ఏడు కన్నా ముందు కాదు’ అని ధీమాగా చెప్పొచ్చు. పాత వస్తువు ఉంటే ‘ఈ ఏడు కన్నా తర్వాత కాదు’ అని చెప్పడానికి ఆ ధీమా ఉండదు. డాబర్నన్ పెద్ద ఫలకం దీనికే నిదర్శనం. 1320ల చివర్లో కూడా లండన్ పనివాడు ఒళ్లంతా గొలుసు ఉన్న నైట్‌ను గీశాడు. దుకాణంలో ఉన్న పాత నమూనానే ఎత్తి గీసి ఉండొచ్చు, లేదా కుటుంబమే అలా కోరి ఉండొచ్చు.

ఒకే ఏడాదిలో ఎన్ని తరహాలు పక్కపక్కన ఉండగలవో చూడాలంటే నార్ఫోక్‌లోని ఎల్సింగ్ చర్చికి వెళ్లాలి. 1347లో పోయిన సర్ హ్యూ హేస్టింగ్స్ ఫలకం అది. చుట్టూ చిన్న గూళ్లలో అతని సహచరులు నిలబడి ఉంటారు, మూడో ఎడ్వర్డ్ రాజు కూడా వాళ్లలో ఉంటాడు. అందరూ ఒకే చేతి కింద, ఒకే పనిలో తయారయ్యారు. అయినా కవచాలు ఒకేలా లేవు. సెయింట్ అమాండ్ ప్రభువు తల మీద వెడల్పు అంచున్న ఇనుప టోపీ ఉంది. ఈ చిన్న బొమ్మలను విడదీసి ఒక్కోదానికీ తేదీ కట్టమంటే అన్నిటికీ ఒకే తేదీ రావడం కష్టం.

కవచం తేదీకీ, మనిషి పోయిన తేదీకీ మధ్య ఎంత ఎడం పెట్టుకోవాలన్నది తర్వాతి ప్రశ్న. ఒప్పందాలు మిగిలిన సమాధులు ఇక్కడ కొలబద్దలు. నార్తాంప్టన్‌షైర్‌లోని లోవిక్‌లో రాల్ఫ్ గ్రీన్ 1417లో పోయాడు. చెలాస్టన్ అలబాస్టర్ శిల్పులు థామస్ ప్రెంటిస్, రాబర్ట్ సటన్‌లతో ఒప్పందం 1419లో కుదిరింది. ధర 40 పౌండ్లు, 1420 ఈస్టర్‌కు పని అప్పగించాలి. అంటే ఎడం మూడేళ్లు, మామూలు కుటుంబాల సమాధులకు ఇది ఆశ్చర్యమేమీ కాదు. రెండో రిచర్డ్ సంగతి తిరగబడింది. 1394లో రాణి ఆన్ పోయాక, 1395లోనే ఇద్దరి ప్రతిమలకూ నికొలస్ బ్రోకర్, గాడ్‌ఫ్రీ ప్రెస్ట్ అనే రాగిపనివాళ్లతో ఒప్పందం జరిగింది. రాజు పోయింది 1400లో. ప్రతిమ మనిషి కన్నా ముందుంది.

వారిక్‌లోని సెయింట్ మేరీ చర్చిలో ఉన్న రిచర్డ్ బోషాం దగ్గర ఎడం పదేళ్లు. ఆ ఎర్ల్ 1439 ఏప్రిల్ 30న రువాన్‌లో పోయాడు. బంగారు పూత పూసిన రాగిమిశ్రమ ప్రతిమను పోత పోసింది లండన్ పనివాడు విలియం ఆస్టెన్, అదీ 1450 ప్రాంతంలో. ఒంటి మీది మిలాన్ తరహా కవచం కూడా 1450 నాటిదే. ఒక భుజం రేకు ఇంకోదాని కన్నా పెద్దది. తొడల మీదికి రేకులు పట్టీలతో వేలాడతాయి. ఈ ప్రతిమ వెనక వైపు, ఎవరూ చూడని చోట కూడా, పట్టీలూ బకిల్స్ పూర్తిగా చేసి ఉన్నాయి. 19వ శతాబ్దం మొదట్లో చిత్రకారుడు చార్ల్స్ స్టోతార్డ్ దీన్ని తిప్పించి వెనక భాగం గీశాడు. నిజమైన కవచాన్ని ఎదురుగా పెట్టుకుని చేశారనిపించే ప్రతిమ ఇది. ఇలాంటి దాని నుంచి వచ్చే తేదీ గట్టిది, కానీ అది పోత పోసిన తేదీ. చావు తేదీ వేరే.

కాంటర్‌బరీలోని బ్లాక్ ప్రిన్స్ (మూడో ఎడ్వర్డ్ కొడుకు) ప్రతిమ ఇంకో పాఠం. రాజకుమారుడు 1376 జూన్ 8న పోయాడు. అంతకు ముందు రోజు రాసిన వీలునామాలో, తన ప్రతిమ పూర్తి యుద్ధ కవచంలో, తన చిహ్నాలతో ఉండాలని, చిరుతపులి శిరస్త్రాణం తల కింద ఉండాలని కోరాడు. కాబట్టి ప్రతిమ 1376 కాకపోతే 1377 నాటిదని అందరూ అనుకున్నారు. కోర్టాల్డ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు లోహం విశ్లేషించి, లోపలికి చిన్న కెమెరా పంపి చూసి, 2021లో వేరే మాట చెప్పారు. రాజకుమారుడి కొడుకు రెండో రిచర్డ్ 1380లలో, తన తాత మూడో ఎడ్వర్డ్ సమాధితో పాటే దీన్నీ చేయించాడని. బాసినెట్, అవెంటెయిల్, ఒంటికి అంటిన జూపాన్ అనే పొట్టి అంగీ, తుంటి మీద అడ్డంగా వేసిన బెల్టు: ఈ తరహా సుమారు 1360 నుంచి 1410 దాకా సాగింది. యాభై ఏళ్ల కిటికీలో పదేళ్ల తేడాను కవచం ఎలాగూ పట్టలేదు. అంత సన్నని తేడా కావాలంటే లోహాన్నో లెక్కల పుస్తకాన్నో అడగాలి.

పద్ధతి పూర్తిగా చేతులెత్తేసే చోట్లూ ఉన్నాయి. గ్లాస్టర్ కెథడ్రల్‌లో నార్మండీ డ్యూక్ రాబర్ట్ కర్తోజ్ చెక్క ప్రతిమ అలాంటిది. అతను 1134లో పోయాడు, ప్రతిమ మీది గొలుసు కవచం, సర్కోట్ 13వ శతాబ్దానివి. వందేళ్లు పైన ఎడం. పైగా 17వ శతాబ్దపు అంతర్యుద్ధంలో ముక్కలైంది, తర్వాత అతికించారు. డరమ్ దగ్గర చెస్టర్-లె-స్ట్రీట్ చర్చిలో లమ్లీ ప్రభువు పూర్వీకులవని పద్నాలుగు ప్రతిమలు వరుసగా ఉన్నాయి. రెండు మూడు నిజంగా మధ్యయుగానివి. మిగతావి 1590లలో, పాతవాటిలా కనబడాలని చెక్కించినవి. మోసం బయటపెట్టేది ఒక్కో వస్తువు కాదు, వాటి కలయిక. ఎప్పుడూ కలిసి వాడని వస్తువులు ఒకే ఒంటి మీద కనబడితే ముందు అనుమానించాల్సింది శిల్పిని. ఇక కాళ్లు అడ్డంగా వేసుకున్న నైట్ అంటే క్రూసేడ్‌కు వెళ్లొచ్చినవాడన్న మాట ఇప్పటికీ చర్చి బోర్డుల మీద కనిపిస్తుంది. దానికి ఆధారం లేదు, తేదీకి అది పనికిరాదు.

భార్య పక్కన ఉంటే ఆమె తలకట్టు తరచుగా భర్త కవచం కన్నా మెరుగైన సాక్షి. 15వ శతాబ్దం మొదటి సగంలో కొమ్ముల్లా పక్కలకు లేచే కట్టు, 1470లు, 80లలో తీగల మీద పరిచిన సీతాకోకచిలుక ముసుగు, 1500 నుంచి 1540 దాకా ఇంటి కప్పులా కోసుగా ఉండే గేబుల్ హుడ్. వీటి కిటికీలు ఇరవై నుంచి యాభై ఏళ్లకు మించవు. పక్కలు కోసిన సర్కోట్‌ను మాత్రం నమ్మకూడదు. బయట ఎవరూ తొడగడం మానేశాక కూడా గొప్పింటి స్త్రీల ప్రతిమలకు అది ఉత్సవ వస్త్రంగా 15వ శతాబ్దం చివరి దాకా అంటిపెట్టుకుంది. మన పెళ్లికూతురి కట్టు చూసి ఆ ఏటి ఫ్యాషన్ చెప్పలేనట్టే దీన్ని చూసి దశాబ్దం చెప్పలేం. విధవల మడతల ముసుగూ అంతే.

మెడలో గొలుసు ఉంటే దాని ఫొటో వేరుగా తీసుకోవాలి. ఎస్ అక్షరాలు కోర్చిన గొలుసు లాంకాస్టర్ వంశపు గుర్తు, 1399 తర్వాత బాగా పెరిగింది. సస్సెక్స్‌లోని ట్రాటన్‌లో 1421లో పోయిన కామోయ్ ప్రభువు ఫలకంలో ఇది ఉంది. సూర్యుడు, గులాబీ కోర్చిన గొలుసు యార్క్ వంశానిది, 1461 నుంచి 1485 లోపు. ఎస్ గొలుసుకు ట్యూడర్ గులాబీయో, కోట ద్వారపు జాలీయో వేలాడుతుంటే 1485 తర్వాత. కవచం యాభై ఏళ్లు చెప్పే చోట గొలుసు ఇరవై ఏళ్లు చెబుతుంది.

చర్చిలో రికార్డు ఎలా చేయాలో కూడా చెప్పాలి, ఎందుకంటే చెడ్డ ఫొటో మీద మంచి తేదీ నిలబడదు. టార్చిని నేలకు పది పదిహేను డిగ్రీల ఏటవాలులో పెట్టి నాలుగు వైపుల నుంచి వెలుగు వేస్తూ తీయాలి. పైనుంచి వెలుగు వేస్తే గొలుసు ఉంగరాలు, అంచుల మెట్లు చదునైపోతాయి. స్కేలు ఫొటోలో ఉండాలి. మొహం కన్నా స్పర్లు, బకిల్స్, కత్తి పిడి, అంగీ అంచులు ముఖ్యం. అలబాస్టర్ తడికి కరుగుతుంది కాబట్టి తుడవకూడదు. ఇత్తడి ఫలకం మీద కాగితం పరిచి నల్ల మైనంతో రుద్దాలంటే చర్చి అనుమతి తీసుకోవాలి. ముందు మెత్తని కుంచెతో ఇసుక తీసేయాలి, లేకపోతే ఆ ఇసుకే ఇత్తడిని గీరేస్తుంది.

నోట్సులో ప్రతి వస్తువు పక్కనా అసలుదా, మరమ్మతుదా, తెలియదా అని రాయాలి. అతుకు గీత, రాతి రంగులో తేడా, ఉలి గుర్తుల తేడా, ఈ మూడిట్లో రెండు కనబడితే ఆ వస్తువును లెక్క నుంచి తీసేయాలి. ముక్కులు, వేళ్లు, కత్తులు, పాదాలు ఎక్కువగా 19వ శతాబ్దపువి. లండన్ టెంపుల్ చర్చి ప్రతిమలను 1840లలో ఎడ్వర్డ్ రిచర్డ్‌సన్ గట్టిగా బాగుచేశాడు, 1941 మేలో బాంబుదాడికి మళ్లీ దెబ్బతిన్నాయి. అలాంటి చోట ఎదురుగా ఉన్న రాయి కన్నా, మరమ్మతుకు ముందు స్టోతార్డ్ లాంటివాళ్లు గీసిన బొమ్మే నమ్మకమైన సాక్షి.

డాబర్నన్ ఫలకాలకు తిరిగి రాసే ఎంట్రీలో ఒక్కో ఆధారం చెప్పే తేదీ విడివిడిగా ఉండాలి. చిన్నదానికి: కవచాన్ని బట్టి 1330–1350, పేరును బట్టి మూడో జాన్, కలిపితే 1340ల ప్రాంతం. పెద్దదానికి: కవచాన్ని బట్టి 13వ శతాబ్దం మధ్య నుంచి 1330 లోపు, అక్షరాలను బట్టి 14వ శతాబ్దం మొదటి భాగం, పేరును బట్టి రెండో జాన్, కలిపితే 1327 ప్రాంతం. ఆ తర్వాత పాత కేటలాగులు తెరిచి, ‘డాబర్నన్ ఫలకంతో పోల్చండి’ అన్న ఒక్క ఆధారం మీద 1270లు, 1280లలో పెట్టిన రాతి ప్రతిమలన్నీ వెతికి, ఒక్కోదాన్నీ కాగితం కప్పి మళ్లీ తల నుంచి మొదలుపెట్టాలి.